పుదీనాను తికమక పెట్టిన ఆదివారం

మే నెల ఎండ పడలేక గుంటూరు నుంచి మా బావమరిది కుటుంబంతో సహా బెంగళూరులో దిగాడు. వీళ్ళకి చల్లగా 'మోహితో' అనే పుదీనా-నిమ్మ సోడా ఇద్దామని మా ఆవిడ సోడా సీసాల కోసం వెళ్ళి మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఇరుక్కుని, అక్కడి నుంచే నాకు మెసేజ్ పెట్టింది: "పుదీనా, నిమ్మముక్కలు, పంచదార మడిల్ చేసి ఉంచండి."

మడిల్ ఏమిటి? ఫోన్‌లో డిక్షనరీ తెరిస్తే మొదటి అర్థం 'తికమక పెట్టు, గందరగోళం చేయు'. దాని మానాన అది కట్టకట్టుకుని కూర్చున్న పుదీనాని నేను తికమక పెట్టడమేమిటండీ? తర్వాత 'మడిల్ త్రూ' అని ఒకటుంది, అంటే తలాతోకా తెలియకపోయినా పనిని ఎలాగోలా గట్టెక్కించడం. ఈ విద్య నాకు వచ్చు, పదకొండేళ్ళుగా 'స్వల్ప అడ్జస్ట్ మాడి' (కాస్త సర్దుకోండి) అన్న ఒక్క కన్నడ ముక్కతో ఈ ఊళ్ళో నెట్టుకొస్తున్నవాణ్ణి. దాంతో ధైర్యం వచ్చేసి ఇంకా కిందికి చదవలేదు, అసలు అర్థం అక్కడే ఉందని తర్వాత తెలిసింది.

"మడిల్ అంటే ఏంట్రా, మడిల్?" అని హాల్లోకి కేకేశాను. "మిక్సీలో వెయ్యి బావా" అన్నాడు వాడు, ఏదో రోజూ చేసేవాడిలా. వేశాను. ఈలోగా వంట చేసే అక్క గుమ్మంలోకొచ్చి "ముద్దెనా సార్?" అంది. మిక్సీ మోతలో సరిగ్గా వినపడక, నాకొచ్చిన రెండో కన్నడ ముక్క వాడేశాను: "హౌదు, హౌదు." అంటే అవునవును.

మా ఆవిడ వచ్చి గ్లాసులోకి చూసింది. పచ్చటి బురద. నాలిక మీద ఓ చుక్క వేసుకుని మొహం చిట్లించింది, చేదు. ఆకుని గ్లాసు అడుగున మెల్లిగా అదిమితే చాలట, అందులోని నూనె బయటికొచ్చి వాసన పడుతుందట, చిత్తుచిత్తుగా నలిపితే చేదెక్కుతుందట. దానికి మడ్లర్ అని ఓ కర్ర ఉంటుందట, ఎలా ఉంటుందంటే గోడకి వేలాడుతున్న మన పప్పుగుత్తి చూపించింది. ఆ మాట పాత డచ్చి భాషలో బురదలో కెలకడం నుంచి పుట్టిందని రాత్రి తీరిగ్గా చదివాను. ఆ లెక్కన నేను చేసింది తప్పేం కాదు, మరీ మూలార్థానికి వెళ్ళిపోయానంతే. అయినా మన కలగాపులగంలో పులగం ఉండగా వాళ్ళ గందరగోళంలో పుదీనా ఉంటే వింతేముంది?

అప్పుడు వంటింట్లోంచి అక్క పళ్ళెం తెచ్చింది. ఆరు రాగి ముద్దలు, నున్నగా, పొగలు కక్కుతూ, పక్కన సొప్పు సారు, అంటే ఆకుకూర చారు. మా బావమరిది ముద్దని బొబ్బట్టులా నమలబోయి పళ్ళకి అంటించుకున్నాడు. "నమలకూడదు సార్, మింగాలి" అంది అక్క, ఈసారి తెలుగులో!

సాయంత్రం వాడు అమ్మకి ఫోన్ చేసి చెబుతుంటే విన్నాను. "బావ మోహితో చేయించాడమ్మా. ఇక్కడ రాగిపిండితో చేస్తారంట."