‘ఫ్రమ్... ఇంపోర్ట్’ రాస్తే మెమరీ ఆదా అవుతుందా? కాదు

పైథాన్ నేర్చుకునేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: “ఇంపోర్ట్ మ్యాథ్ అంటే మాడ్యూల్ మొత్తం మెమరీలోకి వస్తుంది. ఫ్రమ్ మ్యాథ్ ఇంపోర్ట్ ఎస్‌క్యూఆర్‌టీ అంటే ఆ ఒక్క ఫంక్షనే వస్తుంది. మెమరీ ఆదా, వేగం ఎక్కువ, పేర్ల గొడవ ఉండదు.” ఒక్క ఫంక్షనే వచ్చి మెమరీ ఆదా అవుతుందన్న మాట తప్పు. వేగం సంగతి కొద్దిగా నిజం. పేర్ల విషయం పూర్తిగా తలకిందులు.

“ఒక్క ఫంక్షనే వస్తుంది.” రాదు. ఏ రూపంలో రాసినా పైథాన్ ముందు, ఇప్పటికే లోడైన మాడ్యూళ్లను దాచే సిస్.మాడ్యూల్స్ అనే డిక్షనరీలో ఆ మాడ్యూల్ ఉందేమో చూస్తుంది. లేకపోతే మాడ్యూల్‌ను అందులో ఉంచి, దాని ఫైలును మొదటి లైను నుంచి చివరి లైను దాకా నడుపుతుంది. ఆ తర్వాతే తేడా: ఒక రూపంలో మాడ్యూల్ పేరు మీ ఫైల్లోకి వస్తుంది, రెండో రూపంలో ఫంక్షన్ పేరు వస్తుంది. అంతే.

నమ్మకం కుదరకపోతే కొత్త షెల్ తెరిచి, జేసన్ మాడ్యూల్ నుంచి డంప్స్ ఫంక్షన్ ఒక్కటే ఇంపోర్ట్ చేయండి. జేసన్.లోడ్స్ అని పిలిస్తే నేమ్‌ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే జేసన్ అనే పేరు మీ దగ్గర లేదు. ఇప్పుడు సిస్‌ను ఇంపోర్ట్ చేసి సిస్.మాడ్యూల్స్['జేసన్'].లోడ్స్('[1, 2]') అనండి. చక్కగా [1, 2] వస్తుంది. మీరు అడగని జేసన్.డీకోడర్ కూడా ఆ డిక్షనరీలోనే కనిపిస్తుంది.

ఆదా నిజంగా జరిగేది ప్యాకేజీల్లో, అంటే చాలా మాడ్యూళ్లను ఒకచోట చేర్చిన ఫోల్డర్లలో. ఎక్స్‌ఎంఎల్.ఈట్రీ నుంచి ఎలిమెంట్‌ట్రీ తెచ్చుకుంటే ఎక్స్‌ఎంఎల్.డామ్ లోడ్ కాదు. అయితే అది ప్యాకేజీని వేర్వేరు ఫైళ్లుగా విడగొట్టినందువల్లే; ఇంపోర్ట్ ఎక్స్‌ఎంఎల్.ఈట్రీ.ఎలిమెంట్‌ట్రీ అని రాసినా ఫలితం అదే. ప్రోగ్రామ్ మొదలవడానికి ఆలస్యమవుతుంటే, పైథాన్ 3.7 నుంచి ఉన్న ‘-ఎక్స్ ఇంపోర్ట్‌టైమ్’ ఆప్షన్‌తో నడపండి. ఏ మాడ్యూల్‌కు ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో చూపిస్తుంది. బరువైన లైబ్రరీ ఒక్క ఫంక్షన్‌లోనే అవసరమైతే, ఇంపోర్ట్ లైనును ఆ ఫంక్షన్ లోపలికి మార్చండి.

“వేగం ఎక్కువ.” మ్యాథ్.ఎస్‌క్యూఆర్‌టీ అన్న ప్రతిసారీ మాడ్యూల్‌లో పేరు వెతకాలి. నేరుగా ఎస్‌క్యూఆర్‌టీ అంటే ఆ ఒక్క వెతుకులాట తప్పుతుంది. లక్షలసార్లు తిరిగే లూపులో తప్ప ఇది తెలియదు. 3.11లో వచ్చిన ఇంటర్‌ప్రెటర్ మార్పులతో ఆ తేడా ఇంకా తగ్గింది.

“పేర్ల గొడవ ఉండదు.” అసలు గొడవ మొదలయ్యేదే ఇక్కడ. మ్యాథ్ నుంచి ఘాతాలు లెక్కించే పౌ ఫంక్షన్ తెచ్చుకుంటే, పైథాన్ సొంత పౌ మరుగున పడుతుంది. ఆ తర్వాత పౌ(2, 10, 1000) అంటే టైప్‌ఎర్రర్, ఎందుకంటే మ్యాథ్‌లోని పౌ రెండు విలువలే తీసుకుంటుంది. ఓఎస్ మాడ్యూల్ నుంచి స్టార్ ఇంపోర్ట్ చేస్తే (అంటే అందులోని పేర్లన్నీ ఒకేసారి తెచ్చుకుంటే) ఇంకా ప్రమాదం: ఫైళ్లు తెరిచే ఓపెన్ స్థానంలోకి ఓఎస్.ఓపెన్ వచ్చి కూర్చుని, ‘ఫ్లాగ్స్’ అనే ఆర్గ్యుమెంట్ ఏదని అడుగుతుంది. స్టార్ ఇంపోర్ట్ షెల్‌లో ప్రయోగాలకు సరే, ప్రాజెక్టు ఫైల్లో వద్దు.

ఆ సలహా చెప్పని చిక్కు మరొకటుంది. కాన్ఫిగ్ అనే మీ ఫైలు నుంచి డీబగ్ అనే విలువను ఫ్రమ్‌తో తెచ్చుకున్నారనుకోండి. తర్వాత ఎవరైనా కాన్ఫిగ్.డీబగ్‌ను మార్చినా మీ ఫైల్లో పాత విలువే ఉంటుంది, ఎందుకంటే ఇంపోర్ట్ నడిచిన క్షణంలో ఆ పేరు ఏ వస్తువును చూపిందో మీ పేరు కూడా దాన్నే పట్టుకుంది. టెస్టుల్లో అసలు ఫంక్షన్ స్థానంలో నకిలీదాన్ని పెట్టే మాక్ ప్యాచ్ పనిచేయకపోవడానికి తరచుగా ఇదే కారణం. ఎస్‌ఎంఎస్ ఫైల్లోని సెండ్‌ను బిల్లింగ్ ఫైలు ఫ్రమ్‌తో తెచ్చుకుంటే, ప్యాచ్ చేయాల్సింది బిల్లింగ్.సెండ్‌ను; ఎస్‌ఎంఎస్.సెండ్‌ను ప్యాచ్ చేస్తే టెస్టు నడిచినప్పుడు అసలు మెసేజ్ బయటికి వెళ్లిపోతుంది.

ఏది రాయాలో పేరును చూసి తేల్చుకోండి. డిఫాల్ట్‌డిక్ట్, పాత్ లాంటివి ఎక్కడ కనిపించినా గుర్తుపడతాం, ఫ్రమ్ బాగుంటుంది. లోడ్, ఓపెన్, పౌ లాంటి సాధారణ పేర్లకు ముందు మాడ్యూల్ పేరు ఉండనివ్వండి.