గగనతల మద్దతు గారికి, సునాబెడ నుంచి

అయ్యా గగనతల మద్దతు గారూ,

మాది ఒడిశా కోరాపుట్ జిల్లాలో సునాబెడ. మిగ్ యుద్ధవిమానాల ఇంజన్లు తయారుచేసిన హెచ్ఏఎల్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు కాబట్టి, విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా తెలుగోళ్ళలో టీ బడ్డీ దగ్గర నిలబడ్డ ప్రతివాడూ సగం ఎయిర్ మార్షలే. ఎక్కడ యుద్ధమొచ్చినా "పైన విమానాలుంటే చాలు మావా, కింద ఎవడున్నా గెలుపు మనదే" అనేస్తారు. ఆ "మనదే" ఏ దేశానిదో మాత్రం చెప్పరు.

కింద ఎవరో పోరాడుతుంటే పైనుంచి విమానాలతో సాయపడే మీ పద్ధతిలో సుఖముంది, ఒప్పుకోవాలి. నేల మీద చచ్చేది స్థానికులు, వాళ్ళకి మిత్రపక్షం అని ముద్దుపేరు. 2001 అక్టోబర్ 7న అమెరికా తరఫున ఆఫ్ఘనిస్తాన్‌లో మొదలెట్టారు, తాలిబాన్లతో పోరాడుతున్న నార్తర్న్ అలయన్స్ వాళ్ళు కొన్నిచోట్ల గుర్రాల మీద కూడా ముందుకెళ్తుంటే మీరు బి-52 బాంబర్లతో దారి చేశారు, నవంబర్ 13కల్లా కాబూల్ చేతికొచ్చింది.

డిసెంబర్ 5 సంగతి మరీ బాగుంటుంది. కాందహార్ దగ్గర కిందున్న మీ మనిషి జీపీఎస్‌కి బ్యాటరీ మార్చాడు. కొత్త బ్యాటరీ పడగానే అది తాలిబాన్లున్న చోటు మర్చిపోయి తానున్న చోటు చూపించింది, ఆ అంకెలే పైకి వెళ్ళాయి. సుమారు 900 కిలోల బాంబు. గురి తప్పిందని ఎవరూ అనడానికి లేదు, చెప్పిన చోటే పడింది! ముగ్గురు అమెరికన్ సైనికులు, వాళ్ళతో ఉన్న ఆఫ్ఘన్లు పోయారు. ఆఫ్ఘన్ తాత్కాలిక ప్రభుత్వాధినేతగా అదే రోజు ఖరారైన హమీద్ కర్జాయ్‌కీ గాయాలయ్యాయి, అంటే శుభాకాంక్షలు మీవే ముందు అందాయన్నమాట.

లిబియాలో 2011 ఏప్రిల్‌లో గడాఫీ మీద తిరగబడ్డవాళ్ళ ట్యాంకుల్నే నాటో కొట్టింది. వాళ్ళకి ట్యాంకులున్నట్టు మాకు తెలీదు, క్షమాపణ చెప్పేది లేదన్నాడో నాటో అడ్మిరల్. పాపం వాళ్ళు బండ్ల టాపులకి గులాబీ రంగు పూసుకున్నారు. యుద్ధంలో శత్రువుకి కనబడకుండా దాక్కోవాలా, మీకు కనబడేలా ముస్తాబవ్వాలా?

ఇంకోటి. మిమ్మల్ని చూసి యుద్ధం నేర్చుకున్న ఆఫ్ఘన్ సైన్యానికి విమానాలిచ్చారు, సంతోషం. 2021లో వెళ్ళిపోతూ వాటిని బాగుచేసే కాంట్రాక్టర్లనీ వెంట తీసుకుపోయారు. అప్పుడు బడ్డీ దగ్గర ఎయిర్ మార్షళ్ళందరూ వ్యూహాలు విప్పుతుంటే, ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా రిటైరైన మా పెదనాన్న ఒక్కడే అడిగాడు: "ఒరే, మరి ఓవర్‌హాలింగ్ ఎవడు చేస్తాడ్రా?"

ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల చేతికి పోయింది. పెదనాన్నకి జవాబు మీరే రాయండి, ఆయన తెలుగులోనే చదువుతాడు.

ఇట్లు,
బడ్డీ దగ్గర ఇంకా ర్యాంకు రాని ఒకడు