కుర్చీ ఖాళీ అయ్యేసరికి పక్కన ఎవరున్నారు?

అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. మహిళల సాకర్‌లో దాని పై స్థాయి, అంటే డివిజన్ వన్ టోర్నీ 1982లో మొదలైంది. 2024 సీజన్ వరకు 43 టైటిళ్లు తేలాయి. వాటిలో మహిళా హెడ్ కోచ్‌లు గెలిచినవి నాలుగంటే నాలుగే. 1998లో ఫ్లోరిడాతో బెకీ బర్లీ, 2013లో యూసీఎల్‌ఏతో అమాండా క్రోమ్‌వెల్, 2015లో పెన్ స్టేట్‌తో ఎరికా డాంబాక్, 2022లో మళ్లీ యూసీఎల్‌ఏతో మార్గరీట్ అవోజాసా. నార్త్ కరోలినాను 21 సార్లు గెలిపించిన ఆన్సన్ డోరెన్స్ లాంటివారు మళ్లీ పుట్టరు కాబట్టి ఆయన్ని లెక్కలోంచి తీసేద్దామన్నా, మిగిలిన 22లో 4.

ప్రభుత్వ నిధులందుకునే విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం కథ ఇక్కడ మళ్లీ చెప్పనక్కర్లేదు. 1972లో ఆ చట్టం వచ్చేనాటికి కాలేజీ మహిళా జట్ల కోచ్‌లలో నూటికి తొంభై మందికి పైగా మహిళలే; చేతికొచ్చే డబ్బు మాత్రం అంతంతమాత్రం. చట్టం పుణ్యమా అని జీతాలు, స్కాలర్‌షిప్‌లు, మైదానాలు వచ్చాయి. వాటి వెంటే మగ కోచ్‌లూ వచ్చారు. ఇప్పుడు అన్ని ఆటలూ కలిపినా మహిళా కోచ్‌ల వాటా సగం లేదు, సాకర్‌లో మూడో వంతు లోపే. వివక్ష అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. అది ఏ గదిలో, ఏ నెలలో, ఏ కాగితం మీద జరుగుతోందో చూపించకపోతే ఆ మాటతో ఒరిగేదేమీ లేదు. హెడ్ కోచ్ ఇంటర్వ్యూ దగ్గర దాన్ని వెతికేవాళ్లు బాగా ఆలస్యంగా వెతుకుతున్నారు. అంతకు ఐదారేళ్ల ముందు, అసిస్టెంట్లకు పనులు పంచిన రోజే సగం తీర్పు రాసేస్తున్నారు.

ఆట ముగిశాక కోచింగ్‌లోకి రావాలనుకున్న అమ్మాయికి మొదటి మెట్టు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. మాస్టర్స్ ఫీజు మాఫీ, పైన చిన్న స్టైపెండ్. అది దొరకనివాళ్లకు 2023 జులై దాకా వాలంటీర్ కోచ్ అనే పదవి ఉండేది. పని పూర్తిగా, జీతం సున్నా, వేసవి క్యాంపుల్లో పిల్లలకు నేర్పితే వచ్చే నాలుగు డాలర్లే ఆధారం. ఎన్‌సీఏఏ చివరికి ఆ పదవిని రద్దు చేసింది. పాత వాలంటీర్లు కోర్టుకెక్కితే 30 కోట్ల డాలర్లకు పైగా పరిహారానికి తలూపింది కూడా. ఆ తర్వాతి మెట్లు సెకండ్ అసిస్టెంట్, ఫస్ట్ అసిస్టెంట్, అసోసియేట్ హెడ్ కోచ్. మధ్యలో యూఎస్ సాకర్ లైసెన్సులు డి, సి, బి, ఏ వరుసగా పూర్తిచేసుకోవాలి. ఆ కోర్సుల ఫీజు, ప్రయాణ ఖర్చు, సెలవు ఎవరిమీద పడతాయో చేరిన రోజే రాయించుకోని అసిస్టెంట్ బి దగ్గరే ఆగిపోతుంది.

ఇక ఖాళీలు భర్తీ అయ్యే తీరు చూడండి. సీజన్ ఆగస్టులో మొదలై డిసెంబరు మొదట్లో ఫైనల్‌తో ముగుస్తుంది. ఓడిన జట్ల కోచ్‌ల ఉద్యోగాలు నవంబరులోనే పోతాయి. జనవరిలో యునైటెడ్ సాకర్ కోచెస్ వార్షిక సదస్సు. సగం బేరాలు అక్కడి కారిడార్లలోనే కుదురుతాయి. కోచ్ వెళ్లాడని తెలిసిన మర్నాడే మంచి ఆటగత్తెలు కాలేజీ మారాలనుకునేవాళ్ల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు వేసేస్తారు కాబట్టి, కాలేజీ క్రీడా విభాగం నడిపే అథ్లెటిక్ డైరెక్టర్‌కు తీరిక ఉండదు. తెలిసిన పేరుకు ఫోన్ చేస్తాడు, లేదా పక్క గదిలో ఉన్నవాళ్లకు పగ్గాలిస్తాడు.

2011-12 శీతాకాలంలో టెనెసీ నుంచి ఏంజెలా కెల్లీ టెక్సాస్‌కు వెళ్తే, ఆ ఖాళీలోకి మేరీలాండ్ నుంచి బ్రయన్ పెన్‌స్కీ వచ్చారు. 2022లో మార్క్ క్రికోరియన్ ఫ్లోరిడా స్టేట్ వదిలేస్తే పెన్‌స్కీ అక్కడికి వెళ్లి 2023లో టైటిల్ కొట్టారు. టెనెసీ కుర్చీ ఆయన సహాయకుడు జో కర్ట్‌కు దక్కింది. డోరెన్స్ 2024 ఆగస్టులో, సీజన్ ఇంకొన్ని రోజుల్లో ఉందనగా రిటైరయ్యారు. సహాయకుడు డేమన్ నహాస్ తాత్కాలిక కోచ్‌గా దిగి, అదే ఏడు టైటిల్ గెలిచి, పర్మనెంట్ అయ్యారు. నహాస్ అర్హత గురించి నాకు ఏ పేచీ లేదు, గెలిచి చూపించారు. కానీ ఈ ఆటలోనే అతి పెద్ద ఉద్యోగం రెండో కుర్చీలో ఉన్న మనిషికే దక్కింది. పద్ధతి ఇదే అయినప్పుడు, పోరాటం రెండో కుర్చీ కోసమే జరగాలి.

అయితే రెండో కుర్చీల్లో మహిళలు లేరా? చాలామంది ఉన్నారు. వాళ్ల బల్ల మీద ఏ ఫైళ్లున్నాయో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రిక్రూటింగ్, ప్రయాణాల బుకింగ్, క్యాంపు రిజిస్ట్రేషన్లు, ఇన్‌స్టాగ్రామ్, ఇంటిమీద బెంగపెట్టుకున్న ఫస్టియర్ పిల్లను ఓదార్చడం. ‘అమ్మాయిలతో నువ్వు బాగా కలిసిపోతావు కదా’ అన్న మెచ్చుకోలుతో ఈ పనులన్నీ ఆమెకు వెళ్తాయి. ఇవి చిన్న పనులేం కావు. అమ్మాయిల క్లబ్ లీగ్ ఈసీఎన్‌ఎల్ కాలేజీ కోచ్‌ల కోసం పెట్టే షోకేస్ మ్యాచ్‌లకు వెళ్లిన అసిస్టెంట్ పొద్దున ఎనిమిదింటికే మైదానం అంచున నిలబడాలి. పక్కపక్కనే పది మ్యాచ్‌లు. ఒక్కో అమ్మాయి జెర్సీ నంబరు, ఏ కాలు వాటం, బంతి పోగొట్టుకున్నాక ఎంత త్వరగా వెనక్కి పరిగెత్తింది, అన్నీ రాసుకోవాలి. జట్టు నాణ్యత నిర్ణయమయ్యేది అక్కడే. కానీ ఇంటర్వ్యూ గదిలో ఆ పని గురించి ఒక్క ప్రశ్న అడిగి వదిలేస్తారు.

మిగతా ప్రశ్నలు వేరు. వారం ట్రైనింగ్ ప్లాన్ ఎవరు రాశారు? కార్నర్లు, ఫ్రీకిక్‌లు ఎవరి బాధ్యత? డెబ్బయ్యో నిమిషంలో ఎవరిని మార్చాలో ఎవరు చెప్పారు? అన్నిటికన్నా ముఖ్యంగా, స్కాలర్‌షిప్ షీట్ ఎవరు నడిపారు?

ఈ షీట్ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. 2024-25 దాకా ఒక్కో డివిజన్ వన్ జట్టుకు 14 పూర్తి స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది, వాటిని ముక్కలుగా పంచుకోవచ్చు. 14 అనేది గరిష్ఠం మాత్రమే. కాలేజీ అంత డబ్బు ఇస్తుందన్న హామీ లేదు. తొమ్మిదికే నిధులున్నాయనుకోండి, జట్టులో 28 మంది. ముగ్గురు స్టార్లకు పూర్తిగా ఇస్తే మిగిలింది ఆరు. 24 మందికి తలా పావు పంచితే ఆ ఆరూ అయిపోయాయి, 28వ అమ్మాయికి సున్నా. ఒక స్టార్ చదువు ముగించి వెళ్తే ఒకటి ఖాళీ అవుతుంది. పోర్టల్ నుంచి వచ్చే డిఫెండర్ 0.6 అడుగుతుంది, హైస్కూల్ నుంచి వచ్చే ఫార్వర్డ్‌కు 0.5 మాట ఇచ్చేశారు. పదో వంతు తక్కువ. అది ఎవరి వాటాలో కోయాలి, ఆ మాట ఆ పిల్ల తల్లిదండ్రులకు ఏ నెలలో చెప్పాలి? ఈ కోత ఒక్కసారైనా చేతులారా వేసినవాళ్లకూ, పక్కనుంచి చూసినవాళ్లకూ జవాబులో తేడా రెండు నిమిషాల్లో బయటపడుతుంది. ఆటగాళ్లకు డబ్బు చెల్లించే విషయమై ఎన్‌సీఏఏ మీద నడిచిన హౌస్ కేసులో 2025 జూన్‌లో ఒప్పందం ఖరారయ్యాక, అందులో చేరిన కాలేజీలకు 14 పరిమితి పోయి, జట్టులో 28 మందికి మించకూడదన్న నిబంధన వచ్చింది. ఆటగాళ్లతో పంచుకునే ఆదాయంలో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కే పోతున్న రోజుల్లో, సాకర్‌కు ఎంత రాబట్టాలన్నది ఇక పూర్తిగా హెడ్ కోచ్ బేరమాడే నేర్పు మీదే ఉంది. డబ్బు మాట్లాడే గదిలోకి ఒక్కసారీ పిలవని అసిస్టెంట్‌కు ఆ నేర్పు ఎక్కడి నుంచి వస్తుంది?

అసలైన పని అప్పగిస్తే ఏమవుతుందో 2022 చూపించింది. స్టాన్‌ఫర్డ్‌లో పాల్ రాట్‌క్లిఫ్ పక్కన ఏడు సీజన్లు పనిచేసిన అవోజాసా యూసీఎల్‌ఏకు వెళ్లి, హెడ్ కోచ్‌గా మొదటి ఏడాదే టైటిల్ గెలిచారు. అదే డిసెంబరులో జూలియన్ సిచ్ యూనివర్సిటీ ఆఫ్ షికాగో పురుషుల జట్టుకు డివిజన్ త్రీ టైటిల్ తెచ్చారు, అదీ మొదటి సీజన్‌లోనే. పురుషుల సాకర్‌లో ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచిన తొలి మహిళా కోచ్ ఆమె. న్యూయార్క్ యూనివర్సిటీ పురుషుల జట్టును 2015లో చేపట్టిన కిమ్ వయాంట్‌నూ కలుపుకుంటే ఇలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మగ కోచ్‌కు రెండు మార్కెట్లు, మహిళా కోచ్‌కు ఒకటే, ఆ ఒక్కదాంట్లోనూ మూడో వంతు లోపు.

రెండో దారి చిన్న కాలేజీలు. బర్లీ జార్జియాలోని బెర్రీ కాలేజీ నుంచి, నికీ ఇజో-బ్రౌన్ వెస్ట్ వర్జీనియా వెస్లియన్ నుంచి వచ్చారు. ఇద్దరూ పెద్ద యూనివర్సిటీల్లో జట్లను సున్నా నుంచి కట్టారు. బర్లీ 2021లో తప్పుకున్నాక ఫ్లోరిడా ఏం చేసిందో చూడండి. పెద్ద పేరు కోసం అరిజోనా నుంచి టోనీ అమాటోను తెచ్చింది, ఒక్క సీజన్‌కే సాగనంపింది. ఆ తర్వాతే డివిజన్ టూలోని ఎంబ్రీ-రిడిల్‌లో ఏళ్ల తరబడి బస్సు నుంచి బడ్జెట్ దాకా అన్నీ తానే చూసుకున్న సమాంతా బోహన్ గుర్తొచ్చారు. పెద్ద కాలేజీలో పేరుకు అసోసియేట్‌గా పదేళ్లు ఉండటం కన్నా చిన్న కాలేజీలో మూడేళ్లు హెడ్ కోచ్‌గా ఉండటమే మేలని నేనంటాను.

మహిళలే దరఖాస్తు చేయడం లేదనీ, ఏడాదిలో సగం వారాంతాలు ఊళ్లు తిరిగే ఈ పని పిల్లలున్న తల్లులకు కుదరదనీ, లింగం చూసి ఉద్యోగమివ్వడం అమెరికా చట్టం ప్రకారమే తప్పనీ ఎదుటివాళ్లు అంటారు. చట్టం మాట నిజమే, అందుకే నేను కోటా అడగడం లేదు. ప్రయాణాల మాటా నిజమే, కానీ అన్ని వారాంతాలూ తిరిగేది అసిస్టెంట్ కదా? హెడ్ కోచ్ అయితే తిరుగుడు తగ్గుతుంది, జీతం పెరుగుతుంది. కష్టమైన సగం ఆమెతో చేయించి, తేలికైన సగం దగ్గరికి వచ్చేసరికి పిల్లలున్నారు కదా అంటే ఎలా?

ఇది అమెరికా జబ్బే అనుకుని మనం ఊరట పొందే వీల్లేదు. ఆడవాళ్లను మైదానంలోకి రానిచ్చి, నిర్ణయాలు తీసుకునే గదిలోకి మాత్రం రానివ్వకపోవడం మన దగ్గర ఇంకా పాతది. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది. అలాంటి అమ్మాయి రేపు ఆట మానేశాక మన రాష్ట్రాల్లో ఆమెకు కనిపించే మెట్లు ఏవి? పటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) కోచింగ్ డిప్లొమా, ఆ తర్వాత పీఈటీ, పీడీ పోస్టు. ఆ పోస్టులో పొద్దున ప్రార్థన వరుసలు, ఆగస్టు 15 కవాతు, పరీక్షల ఇన్విజిలేషన్. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో పతకం తెచ్చింది మన శ్రీకాకుళం నుంచి వెళ్లి. అకాడమీ నడిపింది హరియాణాలో. 2021లో వైస్ చాన్స్‌లర్ కుర్చీ వేసింది ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీ. మన రెండు రాష్ట్రాలకూ సన్మాన సభలు మాత్రం బాగా తెలుసు.

మళ్లీ అమెరికాకే వస్తే, ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోనో కూతుర్ని క్లబ్ సాకర్‌కు తిప్పుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఇదంతా ఇంటి వ్యవహారమే. 2019 నుంచి ఉన్న నిబంధన ప్రకారం టెన్త్ గ్రేడ్ ముగిసిన వేసవిలో, జూన్ 15 తర్వాతే కోచ్ నుంచి ఫోన్ రావచ్చు. ఆ ఫోన్ చేసేది చాలాసార్లు ఒక మహిళా అసిస్టెంటే. మీ అమ్మాయి క్యాంపస్‌లో అడుగుపెట్టేది ఇంకో రెండేళ్లకు, అప్పటికి హెడ్ కోచ్ మారిపోయి ఉండొచ్చు, హెడ్ కోచ్‌తోపాటు అసిస్టెంట్ల ఉద్యోగాలూ పోతాయి. కాబట్టి స్కాలర్‌షిప్ శాతంతో ఆగకండి. హెడ్ కోచ్ కాంట్రాక్ట్ ఏ సంవత్సరం దాకా ఉందో అడగండి. ఇచ్చిన మాట కాలేజీ రాతపూర్వకంగా ఎప్పుడిస్తుందో అడగండి. ఫోన్ చేసిన ఆమెనే, మ్యాచ్ రోజు మీ పని ఏమిటి, స్కాలర్‌షిప్‌లు పంచేటప్పుడు మీరు ఆ గదిలో ఉంటారా అని కూడా అడగండి.