నెత్తి మీద మూడు కిలోవాట్లు, చేతిలో విసనకర్ర

మధ్యాహ్నం పన్నెండున్నరకు పోయిన కరెంటు ఇప్పుడే వచ్చింది. వచ్చీ రాగానే చేస్తున్న పని ఈ పోస్టు రాయడం. అన్నం తర్వాత తింటా, ముందు ఇది కక్కేయాలి.

కర్నూలు, మే నెల. ఇంతకు మించి వర్ణన అక్కర్లేదు. వీధిలో కుక్కలు కూడా కార్ల కింద దూరిపోయాయి. మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెళ్లికూతురు నగల్లా మెరిసిపోతున్నాయి. వాటి కిందే, సరిగ్గా వాటి కిందే, నేను బీరువా మీద దుమ్ము పట్టి ఉన్న విసనకర్ర దింపి మా అత్తమ్మకు విసురుతున్నా. మిక్సీలో పల్లీల చట్నీ సగం నలిగి ఆగిపోయింది. ఎనభై దాటిన మనిషి, పాపం, పది నిమిషాలకోసారి ఒకటే ప్రశ్న. "ఏమ్మా, మనకు సోలారుంది కదా, ఫ్యానెందుకు తిరగదు?"

ఏం చెప్పను? బిగించి వెళ్లిన కంపెనీ కుర్రాడికి ఫోన్ చేశా. "అది ఆన్‌గ్రిడ్ మేడమ్. లైన్లో సప్లై ఉంటేనే ఇన్వర్టర్ పని చేస్తుంది మేడమ్" అన్నాడు, అదేదో లోకమంతా తెలిసిన సంగతన్నట్టు. ఆన్‌గ్రిడ్ అంటే కరెంటాఫీసు లైన్‌కు కలిపి పెట్టినదట, ఇన్వర్టరంటే ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే పెట్టెట. అంటే కరెంటు ఉంటేనే మా ఇంట్లో కరెంటు పుడుతుంది. డబ్బున్నవాడికే బ్యాంకు అప్పిచ్చినట్టు! ఈ ముక్క డబ్బులు కట్టించుకునే రోజు చెప్పావా నాయనా అంటే, "బ్రోచర్లో ఉంది మేడమ్" అట. బ్రోచర్లో ఉన్నది పచ్చగడ్డి మీద నవ్వుతున్న ఒక కుటుంబం. వాళ్ల ఇంట్లో ఫ్యాను తిరుగుతోందో లేదో ఫొటోలో కనిపించలేదు.

కారణం కూడా చెప్పాడు లెండి. లైన్ ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మా మిద్దె మీది కరెంటు వెనక్కి వెళ్లి తగిలితే ప్రాణం పోతుంది. అందుకే లైన్ చచ్చిన మరుక్షణం ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోయేలా చేస్తారట. సరే, ఇంకొకరి ప్రాణం సంగతి కాబట్టి నేనేమీ అనను. కానీ బ్యాటరీతో ఉండే హైబ్రిడ్‌ది పెట్టుకుంటే ఈ తిప్పలుండవు, కాకపోతే దానికి ఇంకా బోలెడు అవుతుందని ఆ రోజు ఒక్కరైనా నోరు విప్పారా?

సరిగ్గా ఆ ఉక్కలో, ఫోన్లో పన్నెండు శాతం ఛార్జింగ్ ఉండగా, టింగుమని ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు. "సౌర విద్యుత్తులో భారత్ 100 గిగావాట్లు దాటింది! గర్వపడండి!" అని మూడు జెండాలు, ఒక సూర్యుడు. (గిగావాటంటే పది లక్షల కిలోవాట్లు.) అది దాటింది 2025 జనవరి ఆఖర్లో. అంత పాత ఫార్వర్డు ఆయనకు ఇప్పుడు అందింది. మా ఇంట్లో ఈ సోలార్ పెట్టించే దాకా మా ఆయన్ని కూర్చోనివ్వని మనిషి ఈయనే. "చెల్లెమ్మా, బిల్లు సున్నా అయిపోతుంది, రాసి పెట్టుకో" అన్నారు. ఆయనుండేది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ అయిదో అంతస్తు. ఆయనకు సొంత మిద్దే లేదు.

బిల్లు సున్నా అయిందా? ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, ఇంధన సర్దుబాటు చార్జీలు. ఎప్పుడో కాలిన బొగ్గుకు ఇప్పుడు సర్దుబాటు. ఎండతో కరెంటు చేసుకునేవాళ్లకు కూడా!

ఆ 100 గిగావాట్ల లెక్క కూడా చెప్తాను వినండి. 2010లో కేంద్ర ప్రభుత్వం వాళ్లు, 2022 కల్లా 20 గిగావాట్ల సోలార్ పెడతామన్నారు. 2015లో దాన్ని ఏకంగా 100 చేశారు, అందులో 40 మిద్దెల మీదే అన్నారు. 2022 వచ్చింది, పోయింది. మిద్దెల మీద ఆ 40లో పావు వంతు కూడా రాలేదు. అప్పుడు గుర్తొచ్చాం మనం. 2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకం, కోటి ఇళ్లు, 75,021 కోట్లు, నెలకు 300 యూనిట్ల దాకా ఉచితం. మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ. వచ్చింది, కాదనను, అబద్ధమాడితే కళ్లు పోతాయి.

పైగా గిగావాట్లంటే అంత కరెంటు వస్తోందని కాదు. అన్నయ్యగారికి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. మా మిక్సీ 750 వాట్లు, అంటే పొద్దస్తమానం చట్నీ చేస్తున్నట్టా? ప్యానెల్ కూడా అంతే. రాత్రి సున్నా, పొద్దున కొంచెం, మబ్బు పడితే కొంచెం. ఏడాది మొత్తం మీద చూస్తే దాని సత్తాలో అయిదో వంతు ఇస్తే గొప్ప. మా మూడు కిలోవాట్లకు రోజుకు పన్నెండు యూనిట్లు. అవి కూడా ఇంట్లో నేనూ అత్తమ్మా ఒక్క ఫ్యాను కింద ఉన్నప్పుడే పుడతాయి. సాయంత్రం ఏడుకు అందరూ ఇల్లు చేరి, ఏసీ, టీవీ, గీజరు (మేలో గీజరేంటని అడక్కండి, మా అబ్బాయిని అడగండి) మొదలుపెట్టే వేళకు సూర్యుడు ఇంటికెళ్లిపోయి ఉంటాడు. అప్పుడు మళ్లీ బొగ్గే. ఈ రోజుకీ దేశంలో కాలే కరెంటులో నూటికి డెబ్బై దాకా బొగ్గుదే. దాని ఫార్వర్డ్ ఎవరూ పెట్టరు.

ధర సంగతి ఇంకా వింత. సోలార్ కంపెనీలు అమ్మే కరెంటు మొదట్లో యూనిట్ 17 రూపాయల పైమాట. 2017లో రాజస్థాన్ భడ్లాలో వేలంలో 2.44కి పడింది. 2020లో గుజరాత్‌లో 1.99. ఉల్లిగడ్డ కన్నా చౌక. మరి నాకెందుకు నెలలో 226వ యూనిట్ దగ్గర్నుంచి 8 రూపాయల 75 పైసలు వేస్తున్నారు? దారిలో ఎవరు తాగేస్తున్నారు ఆ కరెంటు?

మన పక్కనే గని, శకునాల అనే ఊళ్ల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కుంది, 2017 నుంచి. ఆ దారిన బస్సులో వెళ్తే చెరువేమో అనుకుంటారు, నల్లగా తళతళలాడుతుంది. మా పుట్టింటివాళ్లు చిన్నప్పుడు అటువైపే గొర్రెలు తోలేవాళ్లు. ఆ కథ మొదలుపెడితే ఈ పోస్టు తెల్లారదు, వదిలేయండి.

అసలు నా మంట వేరే. రాస్తుంటే ఇప్పుడు తెలుస్తోంది. కరెంటు పోవడం కాదు. నా మిద్దె పోయింది.

ఎండతో పని చేయించుకోవడం ప్రభుత్వం నాకు నేర్పాలా? ఈ ఇంటికి వచ్చి ఇరవై ఆరేళ్లు. ప్రతి మే నెలా ఆ మిద్దె మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు, మినప వడియాలు, మామిడి ఒరుగులు, ఊరమిరపకాయలు. ఏ సబ్సిడీ లేదు, ఏ ఇన్వర్టరూ లేదు, లైన్లో సప్లై ఉండాలన్న రూలూ లేదు. అన్నయ్యగారింటికి ఏటా రెండు డబ్బాలు వెళ్లేవి ఇక్కడి నుంచే. ఇప్పుడు దక్షిణం వైపు, ఎండ బాగా పడే మూడొందల చదరపుటడుగులూ ప్యానెళ్లవే. నాకు మిగిలింది వాటర్ ట్యాంకు నీడ.

ఎవరైనా అడిగారా నన్ను? సంతకం మా ఆయనది, సలహా అన్నయ్యగారిది, కొలతలు కుర్రాడివి. నేను టీ ఇచ్చా.

వేపచెట్టు సంగతి ఇంకా చెప్పలేదు. మా మామగారు ఇల్లు కట్టిన ఏడాది నాటిన చెట్టు. మధ్యాహ్నం దాని నీడ సరిగ్గా వరండా మీద పడేది. మూడింటి తర్వాత ప్యానెళ్ల మీదా పడుతుందట, ఒక్క ప్యానెల్ మీద నీడ పడ్డా వరస మొత్తం తగ్గుతుందట. పోయిన దీపావళి అయ్యాక ఒక ఆదివారం కొట్టించేశారు. అత్తమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఇవాళ ఆ చెట్టుంటే కరెంటు లేకపోయినా వరండాలో మంచం వేసేదాన్ని, విసనకర్రతో పనే ఉండేది కాదు.

ఇక మా ఆయన. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఇల్లు తుడిచే కర్ర ఏ మూల ఉంటుందో తెలియని మనిషి. ఇప్పుడు వారానికి రెండుసార్లు తెల్లారి అయిదింటికి లేచి, బకెట్లు మోసుకెళ్లి, మెత్తటి మాపుతో ప్యానెళ్లు తుడుస్తారు. రోజు మార్చి రోజు వచ్చే నీళ్లు. ఎంత ప్రేమగా తుడుస్తారో! కింద వంటగదిలో నూనె ఒలికితే మాత్రం "ఇదిగో, ఇక్కడేదో పడింది" అని చూపించి వెళ్లిపోతారు.

కరెంటు వచ్చాక ఇన్వర్టర్ వెంటనే లేవదు, అయిదు నిమిషాలు లైన్ బాగుందో లేదో చూసుకుంటుంది. ఆ లోపు యాప్ తెరిచి చూశా. పచ్చటి బొమ్మ, కింద రాసి ఉంది. "అభినందనలు! ఇప్పటివరకు మీరు నాటిన చెట్లతో సమానం: 57."

స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టా. కింద ఒక్క ముక్క రాశా: "58వది ఎక్కడ?" మా ఆయన చూశారు, నీలం టిక్కులు పడ్డాయి. అన్నయ్యగారు చప్పట్ల బొమ్మ పెట్టారు.

రేపు ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా మా లైన్‌కు ఎల్‌సీ అట, అంటే రిపేర్ల కోసం కరెంటు ఆపుతారు, ఇందాకే మెసేజ్ వచ్చింది. అంటే ఆ మూడు గంటలూ ప్యానెళ్లు ఎలాగూ ఖాళీ. సగ్గుబియ్యం నానబెట్టాను. పాత జరీ అంచు చీర ఉతికి పెట్టుకున్నా. ప్యానెళ్లు వాలుగా ఉన్నాయి, జారకుండా ఫ్రేముకు బట్టల క్లిప్పులు పెడతా.