ట్రింకోమలీ నౌక నిచ్చెన తాళ్లకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ట్రింకోమలీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో నావికులు తెరచాప కొయ్య ఎక్కడానికి వాడిన నిచ్చెన తాళ్ల వారి సముఖమునకు, పట్టకారు పట్టి పట్టి బొటనవేలు కాయకట్టిన భక్తుడు నమస్కరించి వ్రాయునది.

బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం వారి చేతిలో మలబారు టేకుతో తయారై 1817లో నీటిలోకి దిగిన తమ నౌకను అరవైనాలుగో వంతుకు కుదించి నా బల్ల మీద నిలుపుకోవాలన్న దురాశతో నిన్న ఆదివారం ఒంటిగంటకు తమ సేవకు కూర్చున్నాను. అసలు ఓడలో మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉండే సుమారు 15 అంగుళాల ఎడం నా దగ్గర 6 మిల్లీమీటర్లు. నిలువుతాళ్లు ఏడు, అడ్డమెట్లు ముప్ఫై, కలిసే ప్రతిచోటా ఒక ముడి. వెరసి 210 ముడులు, అదీ ఒక తెరచాప కొయ్యకు ఒక పక్కనే.

సాయంత్రం ఏడింటికి చివరి ముడి వేసి, వెనక్కి జరిగి చూద్దును కదా, ఒక్కో ముడినీ రవ్వంత బిగించిన పాపానికి నిలువుతాళ్లన్నీ లోపలికి లాక్కుపోయి, వడ్డాణం బిగించినట్లు నడుము దగ్గర సన్నబడి నిలబడ్డాయి. తప్పు ఫలానా ముడిదని చెప్పడానికి లేదు. 210 మందీ తలా కాస్త పంచుకున్నారు. ఆరు గంటలండీ! కళ్లజోడు తుడుచుకోవడానికి తప్ప లేవలేదు, పెట్టిన కాఫీ పెట్టినట్టే మీగడ కట్టింది. ఇంత కృతఘ్నత ఏ దారానికైనా తగునా?

నిలువుతాళ్లను కింద బిగించి ఉంచుతూ, నన్ను చూసి నోళ్లు తెరిచే మూడు కన్నాల కొయ్యబిళ్లలనూ, కొయ్యతొలిచే పురుగుకు భయపడి ఓడ అడుగున తొడిగిన లెక్కలేనన్ని రాగిరేకులనూ నేను క్షమించాను. తమ నౌకను కట్టడానికి బొంబాయికి పంపిన పటాలు మొదటిసారి 1812లో జావా అనే నౌకతో పాటే పోయాయి. పోయినవాటిని పోనివ్వక మళ్లీ పంపించిన పుణ్యాత్ములను మాత్రం క్షమించలేను.

కోపం కొంత దిగాక, కత్తెర పట్టుకుని ఒక విషయం ఆలోచించాను. ప్రతి నిలువుతాడు దగ్గరా ఆగి ముడి వేయడం వల్లే, ఒకచోట మెట్టు తెగినా మిగతా మెట్టు నిలిచి ఉండేది. అయినా నావికుడు చేత్తో పట్టుకునేది తమను కాదు, నిలువుతాడును. పాదం కింద తమరు ఎప్పుడు తెగుతారో అతనికీ నమ్మకం లేదు. గాలివానలో, ఊగే ఓడ మీద, ఆ అనుమానంతోనే పైకి ఎక్కేవాడు.

తమను మొత్తం కోసేశాను. వెనుక పెట్టుకోవడానికి 6 మిల్లీమీటర్ల గీతలు గీసిన అట్టముక్క, కొత్త దారపు ఉండలు రెండు సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
వచ్చే ఆదివారం కూడా తమ పాదాల చెంతనే ఉండబోయేవాడు