సవరణ: బిల్ గేట్స్ దానాలు, మైక్రోసాఫ్ట్ కేసు

బిల్ గేట్స్ దానాలు మైక్రోసాఫ్ట్ చేసిన తప్పులకు బాకీ తీర్చడం కాదని నేను ఇంతకుముందు రాసిన పోస్టులో "మైక్రోసాఫ్ట్‌ను రెండు ముక్కలు చేయమని అమెరికా కోర్టు చెప్పింది" అన్న వాక్యం ఉంది కదా, దానికి కొంచెం వివరం కావాలి. మైక్రోసాఫ్ట్ గుత్తాధిపత్యం మీద అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో 2000 జూన్‌లో జిల్లా జడ్జి ఆ ఆదేశం ఇచ్చిన మాట నిజమే. కానీ అది అమలు కాలేదు, మరుసటి ఏడాది జూన్‌లో అప్పీల్ కోర్టు కొట్టేసింది, కేసు నడుస్తుండగానే విలేకరులతో మాట్లాడినందుకు ఆ జడ్జిని కూడా తప్పించింది.

దీన్ని పట్టుకుని "చూశారా, కంపెనీ తప్పేం లేదు" అంటున్నారు కొందరు. అలా తేలలేదండీ! విండోస్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకున్నారన్న మాటను అదే అప్పీల్ కోర్టు ఏకగ్రీవంగా నిలబెట్టింది. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్‌కి పోటీగా ఉన్న నెట్‌స్కేప్ బ్రౌజర్ జనానికి చేరకుండా కంప్యూటర్ తయారీ కంపెనీల మీద పెట్టిన షరతులు అందులో ముఖ్యమైనవి. ఆ తర్వాత ప్రభుత్వంతో రాజీ కుదిరింది, కంపెనీ ఒక్కటిగానే మిగిలింది.

ఇంకోటి, కేసు నుంచి దృష్టి మళ్లించడానికే గేట్స్ తన ఫౌండేషన్ (దానాలు చేసే సంస్థ) పెట్టారని నేను అనలేదు. వాళ్ల నాన్న పేరుతో 1994లోనే ఒకటి ఉంది, బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ అన్న పేరు 2000లో వచ్చింది. పోలియోకి, పిల్లల టీకాలకి ఇచ్చిన డబ్బు ప్రాణాలు కాపాడింది, అందులో నాకు పేచీ లేదు. నా పేచీ అల్లా ఒక్కటే: దెబ్బతిన్నది పోటీ కంపెనీలు, వేరే దారి లేక విండోస్ కొన్నవాళ్లు, సాయం అందింది వేరేవాళ్లకి, అదీ ఎవరికి ఎంతన్నది గేట్సే తేల్చాడు. దీన్ని బాకీ తీర్చడం అని ఎలా అంటాం?