కృష్ణలోకి రేపు వచ్చే నీటిని ఒక్క సగటు అంకెతో తేల్చేయకండి

భూతాపం పెరిగేకొద్దీ దక్షిణాసియాలో రుతుపవన వర్షాలు కూడా పెరుగుతాయన్న ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం) 2021 నివేదికను పట్టుకుని, ఇక కృష్ణకు నీటి కొరత ఉండదని వాదించేవారిని చూస్తే నాకు భయమేస్తోంది. నివేదికలోని మాట తప్పని నేననను. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే గాలిలో దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పడుతుంది, దాంతో వాన కూడా పెరిగే వీలుంది. అయితే అది ఎక్కడ, ఏ నెలలో, ఎన్ని గంటల్లో కురుస్తుందన్నది ఆ సగటు అంకె చెప్పదు.

కృష్ణ విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. నదిలోకి చేరే నీటిలో పెద్ద భాగం పడమటి కనుమల అంచున ఉన్న సన్నని పట్టీలో కురిసేదే. మహాబలేశ్వరంలో ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడి నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు తూర్పుకు దిగితే వెయ్యి కూడా పడదు. భూగోళమంతటికీ లెక్క కట్టే కంప్యూటర్ వాతావరణ నమూనాల్లో చాలావాటికి ఒక్కో గడి సుమారు వంద కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి, కొంకణ తీరం, కనుమల శిఖరం, వెనుక ఉన్న వానచాటు మైదానం అన్నీ ఒకే గడిలో కలిసిపోయి, కొండ ఎత్తు చదునైపోతుంది. అలాంటి గడి నుంచి శ్రీశైలానికి వచ్చే నీటిని నేరుగా లెక్కగట్టడం నా దృష్టిలో బాధ్యతారాహిత్యం.

పైగా గడిచిన కాలం మనకు వేరే పాఠం చెప్పింది. భూమి వేడెక్కుతూనే ఉన్నా 1951 నుంచి 2015 మధ్య దేశంలో రుతుపవన వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. గాలిలోని కాలుష్య ధూళి సూర్యరశ్మిని అడ్డుకోవడం, హిందూ మహాసముద్రం వేడెక్కడం ఇందుకు ప్రధాన కారణాలుగా శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అదే కాలంలో మధ్య భారతంలో విస్తృతంగా కురిసే అతిభారీ వర్షాలు మూడింతలయ్యాయి.

2009 సంగతి మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. దేశమంతా తీవ్ర కరవు చూసిన ఆ ఏడాదే అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద ముంచుకొచ్చింది, కర్నూలు నగరం మునిగింది. ఆ ఏటి మొత్తం వర్షాన్ని ఒకే అంకెగా రాస్తే అటు కరవూ కనబడదు, ఇటు వరదా కనబడదు. ఆయకట్టు రైతుకు కావలసింది వార్షిక సగటు కాదు, నారు పోసే నాటికి కాలువకు నీళ్లొస్తాయా రావా అన్న మాట.

మరి కృష్ణా జలాల్లో మన వాటాలు దేని మీద తేలాయి? నదీ రాష్ట్రాల మధ్య కృష్ణా నీటిని పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1894 నుంచి 1972 వరకు సాగిన 78 ఏళ్ల ప్రవాహాలను చూసి, 75 శాతం విశ్వసనీయతతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు దొరికే లెక్కన, 2,060 టీఎంసీలను నికర జలాలుగా తేల్చింది. దాని తర్వాత వచ్చిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961 నుంచి 2008 వరకు సాగిన 47 ఏళ్ల లెక్కలు తీసుకుంది. రెండూ గతాన్నే కొలిచాయి. తెలుగు రాష్ట్రాల మధ్య పంపకంపై 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కే కొత్త విచారణాంశాలు అప్పగించింది. ఇరు రాష్ట్రాల ఇంజినీర్లూ కనుమల వానను విడిగా పట్టగల సూక్ష్మ నమూనాలతో లెక్క వేయించి, అందులో తేలే కనిష్ఠ, గరిష్ఠ అంచనాలు రెండింటినీ నెలవారీగా ట్రిబ్యునల్ ముందుంచాలి, వాటిని జనానికీ చూపించాలి.